మేహ అంటే వాన కూడా: ఒక నామకరణం కేస్ స్టడీ

హనుమకొండలో ముప్పై ఏళ్ళ నుంచి పౌరోహిత్యం చేస్తున్నాను. చిన్నప్పుడు కాస్త వ్యాకరణం చదువుకున్నాను. ఆ పాపానికి ఇప్పుడు పెళ్ళి ముహూర్తాల కంటే పేర్ల కోసం వచ్చే ఫోన్లే ఎక్కువయ్యాయి. అడిగేవాళ్ళందరివీ దాదాపు ఒకే కోరికలు. పేరు కొత్తగా ఉండాలి. చుట్టాల్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంటులో ఎవరికీ ఉండకూడదు. రెండక్షరాలు, మహా అయితే మూడు. జన్మనక్షత్రం అక్షరంతోనే మొదలవ్వాలి. ఎవరైనా అర్థం అడిగితే చెప్పుకోడానికి గొప్పగా ఉండాలి. ఇన్నీ కుదిరే పేరు ఒకటుంటే ఈపాటికి ఊళ్ళో సగంమందికి అదే ఉండేది కదా అని లోపల నవ్వుకుంటూనే పంచాంగం తెరుస్తాను.

ఇక్కడ రాస్తున్నది ఒక ఆడపిల్ల పేరు సంగతి. ఆ ఇంటివాళ్ళ అనుమతితో, ఆనవాలు పట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఈ ఇంట్లో చిక్కు తెచ్చిపెట్టినవాణ్ణి నేనే, దాని మీద నోరు జారినవాణ్ణీ నేనే. అందుకే ఇది రాయదగ్గ కేసు అనుకున్నాను.

ఇంటివాళ్ళు

తాతగారిది హనుమకొండే. రిటైరయ్యారు. పదిహేనేళ్ళుగా షుగరు, రోజూ పొద్దున ఇన్సులిన్ సూది. కొడుకు, కోడలు ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. కోడలు పుట్టి పెరిగింది సూరత్‌లో. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వలసపోయి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళది అలాంటి ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ చదవడం అంతంత మాత్రం. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

పాప డిసెంబరులో లీడ్స్‌లో పుట్టింది, రాత్రి పదకొండూ ఇరవైకి. మూడో రోజు పొద్దున తాతగారు మా ఇంటికి వచ్చారు. అప్పటికే ఆయన పని ముగించేశారు. పంచాంగం చూశారు, మఖ మూడో పాదం అని తేల్చారు, అక్షరం "మూ", పేరు మూకాంబిక. కర్ణాటకలోని కొల్లూరు అమ్మవారి పేరు, ఆయన రెండుసార్లు వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చిన క్షేత్రం.

"పేరు నేను పెట్టిన అయ్యగారూ. మీరు ఇరవై ఒకటో దినం ముహూర్తం ఒకటి చెప్పుండ్రి, చాలు" అన్నారు.

అదే రోజు మధ్యాహ్నం కొడుకు ఫోను. "పంతులుగారూ, బాపుకి ఎట్లనన్న చెప్పండి. మూకాంబికను ఇక్కడి స్కూల్లో 'మూక్' అని పిలుస్తరు. 'మూ' తప్ప ఇంకో అక్షరం లేదా?"

అక్షరం మారిన వైనం

ఉంది. తాతగారు లెక్క తప్పారు. విదేశాల్లో పుట్టిన పిల్లల విషయంలో నూటికి యాభై ఇళ్ళలో జరిగే పొరపాటే ఇది. అక్కడి గడియారం చూపిన టైమును తీసుకొచ్చి, మన ఊరి పంచాంగంలో నేరుగా వెతుకుతారు. లీడ్స్‌లో చలికాలం రాత్రి 11.20 అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 4.50. అయిదున్నర గంటల తేడా. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి కాస్త అటూ ఇటూగా ఒక రోజు పడుతుంది. పంచాంగంలో నక్షత్రం ముగిసే టైము మాత్రమే ఉంటుంది, పాదాలు ఉండవు. మొదలు నుంచి చివరి దాకా ఉన్న వ్యవధిని నాలుగు భాగాలు చేసుకోవాలి. అంటే పాదానికి సుమారు ఆరు గంటలు. అయిదున్నర గంటలు తప్పితే దాదాపు ఒక పాదం మారిపోతుంది. అమెరికా పిల్లలకైతే రెండు పాదాలు తప్పడం మామూలే, ఒక్కోసారి నక్షత్రమే మారుతుంది. దీనికి తోడు ఇంట్లో ఉన్నది దృగ్గణిత పంచాంగమా, అంటే ఆకాశంలో కనిపించేదాన్ని బట్టి లెక్కకట్టినదా, పాత పద్ధతి పంచాంగమా అన్న గొడవ ఒకటి. రెంటికీ గంటల్లోనే తేడా వస్తుంది. ఏది నమ్ముతారో ముందే తేల్చుకుని ఒక్కదాన్నే పట్టుకోమని చెబుతాను.

సరిచేస్తే మఖ నాలుగో పాదం వచ్చింది. మఖకు అక్షరాలు మా, మీ, మూ, మే. పాపది "మే".

ఇది చెప్పాక తాతగారి ముఖం చిన్నబోయింది. కొడుకు గొంతులో మాత్రం పండగ. ఆ రాత్రికే కోడలి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. తెలుగులో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో: ఎం, ఇ, హెచ్, ఏ. మేహ. "పేరు దొరికింది పంతులుగారూ. అర్థం వాన."

నేను అన్న మాట

మర్నాడు వీడియో కాల్‌లో అటు కొడుకు, కోడలు, పాప ఉన్నారు, ఇటు పక్కన తాతగారు, నాయనమ్మ. తాతగారు పేరు వినగానే "మధుమేహమా? షుగర్ బీమారి పేరు పెడ్తారా పిల్లకు?" అన్నారు. నేను అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఇంటర్నెట్టులో పేర్ల అర్థాలు చూసి చూసి విసిగిపోయి ఉన్నానేమో, ఇంగ్లీషు "రే"కి సంస్కృత "అంశ" అతికించి కిరణం అని అర్థం చెప్పే పేర్లు వారానికి రెండు చూస్తుంటాను. వానని కూడా అదే బుట్టలో వేశాను.

"అది సంస్కృతంలో మూత్రరోగం అమ్మా. ప్రమేహాలు ఇరవై రకాలని చరకుడు లెక్కపెట్టాడు, మధుమేహం వాటిలో ఒకటి. మన పాత వైద్యులు సుఖవ్యాధికి కూడా మేహం అనే అన్నారు. వాన అని ఎవరో కల్పించిన మాట. ఇంకో అర్థం లేదు."

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "మా సూరత్‌లో అది వానే పంతులుగారూ. ఎవరూ కల్పించలేదు." ఫోను పెట్టేసింది. నాయనమ్మ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బాలింతను ఏడిపించావు కదయ్యా అన్నట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టక ధాతుపాఠం తీశాను, సంస్కృత క్రియామూలాల పట్టీ అది. "మిహ సేచనే." మిహ్ అనే ధాతువుకు తడపడం, చల్లడం అని అర్థం. మూత్రానికి సంబంధించిన మేహం దీన్నుంచే వచ్చింది. మేఘమూ దీన్నుంచే. తడిపేది కాబట్టి మేఘం. హకారం ఘకారం ఎలా అయిందో చెప్పడానికి పాణిని న్యంక్వాది అని ఒక గణమే, అంటే మాటల పట్టీయే, పెట్టాడు, అందులో నిదాఘంతో పాటు మేఘం కూడా ఉంది. ఇదంతా ఇరవై ఏళ్ళ వయసులో వల్లె వేసినవాణ్ణే. మంచును చెప్పే మిహిక కూడా ఆ ధాతువు ఇంటిదే. వానా రోగమూ ఒక తల్లి బిడ్డలు.

అంతటితో అయిపోలేదు. ప్రాకృతంలో మాట మధ్యలో వచ్చే ఖకారం, ఘకారం లాంటివి హకారంగా సడలుతాయి. ముఖం ముహం అవుతుంది, సఖి సహి అవుతుంది, మేఘం మేహం అవుతుంది. హాలుడి గాథాసప్తశతిది ఈ భాషే, మహారాష్ట్రీ ప్రాకృతం. శాతవాహనుల కాలంలో మన నేల మీద చెలామణి అయిన భాష. అక్కడి నుంచి ఆ మాట పడమటి భాషల్లోకి నడిచింది. గుజరాతీలో మేహ్ అంటే వాన, ముద్దుగా మేహులియో. మేహుల్ అని మగపిల్లలకు పెట్టుకుంటారు. హిందీలోనూ మేహ్ అంటే వానే. అంటే ఆ పిల్ల బడిలో, వీధిలో, పక్కింటి ముసలమ్మ నోట విన్న మాటను నేను కల్పన అన్నాను. ఇలాంటి జంట మాట ఇంకొకటి మనకు బాగా తెలిసిందే. ఉత్తరాదివాళ్ళ ఆర్తి మన హారతి, సంస్కృతం ఆర్తి మాత్రం బాధ. ఆ పేరున్న అమ్మాయిని నేనెప్పుడూ నీ పేరు బాధ అమ్మా అనలేదు. మేహ దగ్గరే ఎందుకు నోరు జారానో!

పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు చెప్పింది నిజం, నేను చెప్పింది సగమే నిజం. ఇంకో అర్థం లేదన్నది తప్పు." ఆమె ఏమీ అనలేదు, "అయితే పెట్టుకోవచ్చా?" అని మాత్రం అడిగింది.

పెట్టుకోవచ్చా

శాస్త్రం పెద్దగా అడ్డం రాదు, ఆమెకు ముందు ఆ సంగతి చెప్పాను. అసలు శాస్త్రం అనుకుంటున్న దాంట్లో సగం శాస్త్రం కాదు. ఇంట్లో చేసే కర్మల పాత గ్రంథం ఆపస్తంబ గృహ్యసూత్రంలో నామకరణం గురించి చెప్పింది నాలుగైదు ముక్కలే. మగపిల్లవాడికి రెండు లేదా నాలుగు అక్షరాలు, ఆడపిల్లకు బేసి అక్షరాలు, ఇలాంటివి. నక్షత్రనామం ఒకటి పెట్టమంది, పెట్టి "తద్రహస్యం భవతి" అంది, అది రహస్యంగా ఉంచాలని. చూ చే చో లా అనే అక్షరాల పట్టీ జ్యోతిషం వైపు నుంచి వచ్చింది. అది కూడా నక్షత్రనామానికే. పిలిచే పేరుకు ఆ అక్షరం ఉండి తీరాలని లేదు. గుట్టుగా చెవిలో చెప్పాల్సిన పేరును మనం పాస్‌పోర్టు మీద అచ్చేయిస్తున్నాం. ఈ ముక్క చెబితే సగంమంది ఊపిరి పీల్చుకుంటారు, మిగతా సగంమంది పంతులు మారిపోయాడు అంటారు. ఆర్ద్ర మూడో పాదం పిల్లలకు అక్షరం "ఙ". హస్త మూడో పాదానికి "ణా". ఆ అక్షరాలతోనే పిలుచుకోవాలంటే ఆ పిల్లలందరి గతి ఏమిటి?

కాబట్టి అడ్డం శాస్త్రం కాదు, తాతగారు. ఆయన్ను ఒంటరిగా కూర్చోబెట్టి ధాతువు, ప్రాకృతం, గుజరాతీ అన్నీ ఓపిగ్గా చెప్పాను. అంతా విన్నారు. ఆయన మొండి మనిషి కాదు, వానని చెప్పే మాట అని ఒప్పుకున్నారు కూడా. అప్పుడు అన్నారు:

"మీరు చెప్పేది సమజైంది అయ్యగారూ. కని పొద్దుగాల సూది పొడుసుకుంట మనుమరాలి పేరు యాది చేసుకోవాలెనా నేను?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. పేరుకు తప్పుడు అర్థం అంటగడితే పుస్తకం చూపించి సరిచేయవచ్చు. ఇది అలాంటిది కాదు. రెండు చెవుల్లో రెండు అర్థాలు, రెండూ నిజమే. ఆ పిల్ల పెరిగేది లీడ్స్‌లో, అక్కడివాళ్ళకు వానా తెలియదు, రోగమూ తెలియదు. "మీహా" అని పిలిచి ఊరుకుంటారు. కానీ సెలవులకు వచ్చేది హనుమకొండకు. ఇక్కడ బస్టాండులో ఎవరైనా "నీ పేరేంది బిడ్డా" అంటే చెప్పాలి. మేహ అనగానే అవతలివాళ్ళ కనుబొమ్మలు ఒక్క క్షణం ముడిపడతాయి. ఆ ఒక్క క్షణాన్ని ఆ పిల్ల బతుకంతా మోయాలి. నాకున్న అనుభవంలో, అరుదైన పేరున్న పిల్లలు అర్థం అడిగినందుకు బాధపడరు, వివరించి మురిసిపోతారు కూడా. పేరు వినగానే అవతలివాళ్ళు నవ్వు ఆపుకుంటే బాధపడతారు.

కోడలికి ఇదే చెప్పాను. పెట్టుకోవద్దు అనలేదు. "నీ చెవిలో ఉన్న వాన తాతయ్య చెవిలో లేదు తల్లీ, అది నువ్వూ మార్చలేవు, నేనూ మార్చలేను" అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుంటానంది.

పేర్ల జాబితా

ఆ రెండు రోజులూ నా ఫోనుకు విశ్రాంతి లేదు. మే అక్షరంతో ఉన్నవన్నీ బయటికి తీశాను. మేఘన వద్దు, కోడలి టీములోనే ఇద్దరున్నారు. మేధ బాగుంది గానీ ఆడబిడ్డ తోటికోడలి కూతురు మేధ. మేదిని అన్నాను, భూమి. మధుకైటభుల మేదస్సుతో తడిసింది కాబట్టి మేదిని అయిందన్న పురాణ కథ కొడుకు ఎక్కడో చదివాడు, "కొవ్వు పేరు పెడతామా" అన్నాడు. మేఖల అంటే ఒడ్డాణం. బానే ఉంది, నోటికి బరువు. మేనక పేరెత్తగానే నాయనమ్మ కొట్టిపారేసింది: "కన్న బిడ్డను అడవిల ఇడిచిపెట్టి పోయిన దాని పేరు నా మనుమరాలికా?"

అక్షరం వదిలేస్తే, వానే కావాలంటే తెలుగులోనే బోలెడన్ని ఉన్నాయని ఆశ చూపాను. తొలకరి. మొయిలు. మన వైపు మొగులు అంటారు, తమిళంలో ముగిల్, ఒకే మాట. ఆకాశం మబ్బు పడితే మొగులైంది అనని ఇల్లు వరంగల్ చుట్టుపక్కల లేదు. తొలకరికి కోడలు ఒక పూట మెత్తబడింది. కొడుకు ఒప్పుకోలేదు, పొలం పనుల పేరులా ఉందట. నాకు ఆ అభ్యంతరం నచ్చలేదు గానీ పిల్ల వాళ్ళది.

మధ్యలో ఒక బంధువు సంఖ్యాశాస్త్రం చెప్పే ఆయన్ను పట్టుకొచ్చాడు. మేహలో చివర ఇంకో ఏ, మధ్యలో ఇంకో హెచ్ చేరిస్తే దోషం పోతుందని ఆయన ఉవాచ. అక్షరాలు పెంచితే తాతగారి చెవిలో మధుమేహం పోతుందా?

అలవాటు లేని పేర్లు మనకు కొత్తేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అన్నారు, ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పుల్లయ్య అన్నారు, అడుక్కుని తెచ్చుకున్నట్టు భిక్షమయ్య, బిచ్చమ్మ అన్నారు. ఎవరి కన్నూ పడకూడదని, యముడికి కూడా వీడెందుకులే అనిపించాలని. ఇప్పుడు అందరి కళ్ళూ పడాలని పెడుతున్నారు. పెట్టే చేయి వణకడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

నాయనమ్మ నోట

పదకొండో రోజు లీడ్స్‌లో పురుడు చేసుకున్నారు. సూరత్ నుంచి వెళ్ళిన అమ్మమ్మ పాపకు నలుగు పెట్టి స్నానం చేయించింది. ఇక్కడ తాతగారింట్లో ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి అందరం చూస్తున్నాం. కొత్త జాబితా ఒకటి తయారు చేసుకుని తాతగారు నన్ను పిలిపించారు, పధ్నాలుగు పేర్లు, అన్నీ అమ్మవార్లవే. నేను అవి చదువుతుండగా నాయనమ్మ ఫోను దగ్గరికి వంగి తనలో తాను అనుకున్నట్టే అంది:

"మేలిమి బంగారం లెక్క మెరుస్తున్నది పిల్ల."

మాలో ఎవరికీ ఆ మాట ఆనలేదు. ఇలాంటివి ఇంట్లో రోజుకు పది వింటాం. అటు నుంచి కోడలు అడిగింది, "అత్తమ్మా, ఏం బంగారం అన్నరు?" చెప్పాను కదా, గుజరాతీ బడి. బంగారం తెలుసు, మేలిమి తెలియదు.

"మేలిమి బిడ్డా. కల్తీ లేని బంగారం. అవుసలాయన గీటు పెట్టి చూసినా తగ్గనిది."

"మేలిమి" అని ఆమె రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. ఇటు వైపు నిశ్శబ్దం. నాకు అప్పుడు తట్టింది, మే అక్షరమే! ముప్పై ఏళ్ళ పౌరోహిత్యం, మూడు నిఘంటువులు, ఇన్ని రోజుల వెతుకులాట. ఆ మాట నాకు దొరకలేదు. పేర్లు సంస్కృతంలోనే ఉంటాయని నా బుర్రలో ఎక్కడో తిష్ఠ వేసుక్కూర్చుంది మరి.

మాట పుట్టుక చెప్పమంటే చెప్పాను. మేలు నుంచి వచ్చింది. కలిమి, చెలిమి, కూరిమి, తాలిమి ఎలా ఉన్నాయో మేలిమి అలా. కలిమి చెలిములు పేర్లుగా అక్కడక్కడా విన్నాను, మేలిమిని పేరుగా నా పద్దులో ఎప్పుడూ రాయలేదు.

అభ్యంతరాలు

అందరూ ఒక్కసారిగా ఒప్పేసుకున్నారనుకోకండి. కొడుకు ఆ రాత్రి పేర్ల సైట్లన్నీ వెతికి, ఎక్కడా లేదని కంగారుపడి ఫోన్ చేశాడు. ఎవరికీ లేని పేరు కావాలన్నది ఆయనే! రెండో భయం పలకడం. ఒక చిన్న పని చెప్పాను, ఇది నేను విదేశాల్లో ఉన్నవాళ్ళందరికీ చెబుతాను. కాగితం మీద పేరు రాసి, ఏమీ చెప్పకుండా ముగ్గురు తెల్లవాళ్ళతో చదివించు. కాఫీ కొట్టుకు వెళ్ళి నీ పేరు బదులు ఈ పేరు చెప్పి కప్పు మీద ఏం రాస్తారో చూడు. మేడ మీద నుంచి కిందికి గట్టిగా పిలిచి చూడు. ఇంటిపేరుతో కలిపి ఫోనులో ఒక్కో అక్షరం చెప్పి చూడు. ఆయన అన్నీ చేశాడు. ముగ్గురిలో ఇద్దరు మెలిమి అన్నారు, ఒకరు మీలిమి. కప్పు మీద ఎల్ రెండుసార్లు పడింది. మొదటి దీర్ఘం అక్కడ నిలవదని తేలిపోయింది. "దీర్ఘం పోతే పోనీయండి, పేరు పోలేదు కదా" అంది కోడలు.

తాతగారిది వేరే పట్టు. దేవుడి పేరు ఉండాలి. చావు వేళ కొడుకును నారాయణా అని పిలిచి అజామిళుడు తరించాడు, భాగవతం ఆరో స్కంధంలో ఉంది, "మేలిమీ అని పిలిస్తే నాకేం వస్తది?" అన్నారు. ఇంకొకటి, పేరు హ్రస్వంతో ముగుస్తోంది. ఆడపిల్ల పేరు చివర దీర్ఘం ఉండాలని మనువు అన్నాడు కదా అని ఎవరో ఆయన చెవిలో వేశారు. అన్నాడు, నిజమే. మనువు చెప్పింది సంస్కృతం పేర్ల గురించి. తెలుగు మాట చివర దీర్ఘం ఎక్కడి నుంచి వస్తుంది? మొల్ల పేరూ హ్రస్వమే, పూల పేరు, అచ్చతెలుగు. రామాయణం రాయడానికి ఆమెకు ఆ హ్రస్వం అడ్డం రాలేదు. పైగా పిలిచేటప్పుడు ఎలాగూ మేలిమీ అని దీర్ఘం తీస్తాం.

దేవుడి పేరు మాట మాత్రం కొట్టిపారేయలేదు. అక్కడే ఆయన మొదటి పేరు తిరిగొచ్చింది. నామకరణంలో ఒకే పేరు రాయాలని ఎవరన్నారు? నక్షత్రనామం, మాసనామం, ఇష్టదేవత పేరు, వ్యవహారనామం, ఎవరి సంప్రదాయాన్ని బట్టి వాళ్ళు మూడో నాలుగో రాస్తారు. "మూకాంబిక అట్లనే ఉంటది. బియ్యంల రాయిస్త, చెవుల చెప్పిస్త. మీరు ఆ పేరుతోనే పిలుచుకోండి, ఎవరొద్దంటరు?" అన్నాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "కాయిదాల మీద లేకున్నా పేరు పేరే గదా" అన్నారు. అది ప్రశ్నో ఒప్పుకోలో తెలియలేదు. ఒప్పుకోలు కింద రాసుకున్నాను.

ఇరవై ఒకటో రోజు

పుష్యమాసం వచ్చేసింది, శూన్యమాసం కదా అన్నారు. పురిటి లెక్క ప్రకారం చెప్పిన రోజున చేసే కర్మకు అది అడ్డం కాదు. ముహూర్తం లీడ్స్ సూర్యోదయాన్ని బట్టి కట్టాను. ఆ చలికాలంలో అక్కడ ఎనిమిది దాటితే గానీ సూర్యుడు కనపడడు, ఇక్కడి లగ్నాలు పంపితే పనికిరావు. వాళ్ళకు పొద్దున పదకొండు, మనకు సాయంత్రం నాలుగున్నర. వీడియోలోనే చేయించాను. మొదట్లో ఇలా చేయించడం నాకు రుచించేది కాదు, ఇప్పుడు అలవాటైంది. తమలపాకులు అక్కడి ఇండియన్ కొట్లో దొరికాయి, పళ్ళెంలో సోనామసూరి పోసి, తండ్రి ఉంగరంతో రాశాడు. నక్షత్రనామం మేధ, అది ముగ్గురికే తెలియాలన్నాను, ఆ ముగ్గురి అనుమతితోనే ఇక్కడ రాశాను. తర్వాత మూకాంబిక. చివర మేలిమి. కుడిచెవిలో మూడేసిసార్లు చెప్పించాను. కోడలు తెలుగు లిపి కోసం ఫోనులో చూసుకుంటూ, తను కూడా వేలితో ఒకసారి రాసింది. "లి"కి గుడి ముందు మరిచిపోయి తర్వాత పెట్టింది. తొట్లెలో వేసి అమ్మమ్మ పాడింది గుజరాతీ జోలపాట. ఇటు నాయనమ్మకు అర్థం కాకపోయినా తల ఊపుతూనే ఉంది.

కాగితాల మాట కొంచెం. ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లను 42 రోజుల్లోపు రిజిస్టరు చేయించాలి. ఈ గడువు ఉండబట్టే మాకు ఇంత తర్జనభర్జనకు వ్యవధి దొరికింది. అమెరికాలో అయితే ఆస్పత్రి వదిలేలోపే పేరు అడుగుతారు, రెండు రోజుల్లో అప్పటికి ఏది తోస్తే అది రాసేసి తర్వాత నా దగ్గరికి వస్తారు. ఇంగ్లండ్‌లో రిజిస్టరు చేసిన ఏడాదిలోపు పిలిచే పేరు మార్చుకునే వీలు కూడా ఉంది, కానీ దాన్ని నమ్ముకుని తొందరపడవద్దన్నాను. తల్లిదండ్రులు ఇంకా భారత పౌరులే కాబట్టి పాప పుట్టుకను ఏడాదిలోపు అక్కడి మన దౌత్య కార్యాలయంలోనూ నమోదు చేయించాలి, ఆ తర్వాత పాస్‌పోర్టు. అన్నింట్లో ఒకే అక్షరాలు, ఒకే వరుస. ఎం, ఇ, ఎల్, ఐ, ఎం, ఐ, తర్వాత ఇంటిపేరు పూర్తిగా. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి వెనక తగిలించవద్దని గట్టిగా చెప్పాను. కొడుకు సొంత సర్టిఫికెట్లలో ఆ పొట్టి అక్షరం పదో తరగతిలో ముందు, డిగ్రీలో వెనక ఉండి, వీసా రోజుల్లో ఎంత తిప్పలు పెట్టిందో ఆయనకే తెలుసు. నలభయ్యో రోజున రిజిస్టరైంది.

ఆ తర్వాత

అన్నప్రాశనకు వాళ్ళు హనుమకొండ వచ్చారు. పిల్లను మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాను. తాతగారు మూకాంబిక అని ఒక్కసారి కూడా పిలవలేదు, "మేలూ" అంటున్నారు. ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదట. లీడ్స్‌లో పిల్లను చూసుకునేచోట "మెలీ". చుట్టాల్లో ఒకాయన "తెలుగు వాచకం తెరిచి పెట్టారా పేరు?" అని ఎగతాళి చేస్తే నాయనమ్మ ఆయనకు రెండో విడత పాయసం వడ్డించలేదు.

నా వరకు ఒక మార్పు జరిగింది. పేరు అర్థం మీద ఇప్పుడు వెంటనే నోరు విప్పను. "మీ ఇంట్లో ఈ మాట ఎక్కడ విన్నారు?" అని ముందు అడుగుతాను. ఎక్కువమంది ఫోనులో చూశామనే అంటారు. నూటికి ఒకరిద్దరు మా అమ్మమ్మ అనేది అంటారు, అప్పుడు నిఘంటువు తీస్తాను.

వెళ్ళేటప్పుడు కోడలు కాళ్ళకు దండం పెట్టి లేస్తూ, బయట మబ్బు పట్టడం చూసి, పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి నడిచింది. జూన్ మొదటి వారం. తాతగారు మందుల షాపుకు వెళ్ళారు. "మేహా, జో జో" అని గుజరాతీలో ఏదో అంటూ చూపిస్తోంది పిల్లకు. నన్ను చూసి నాలుక కరుచుకుంది.

"బాపు ఇంట్లో లేనప్పుడే పంతులుగారూ" అంది.

నేను చెప్పులు వేసుకున్నాను. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.